హెయిర్‌లూమ్ టమాటకు కుండీ ఎందుకు నప్పుతుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

హెయిర్‌లూమ్ టమాటలు, అంటే పాతరకాలు, పెంచాలనుకునేవాళ్లకు తరచూ ఒక సలహా వినిపిస్తుంది: ఇవి నేలలో పెరగాల్సిన మొక్కలు, కుండీలకు హైబ్రిడ్లే మేలు అని. ఈ మాటలో సగమే నిజం. పాతరకాలకు ఉన్న అతి పెద్ద బలహీనత నేల నుంచి వచ్చే తెగుళ్లను తట్టుకోలేకపోవడం. తోటమట్టికి బదులు కోకోపీట్, కంపోస్ట్ లాంటివి కలిపిన కొత్త మిశ్రమంతో నింపిన కుండీ ఆ తెగుళ్లనే దూరం పెడుతుంది. అయితే పెద్దగా పెరిగే మొక్క, పలుచని తోలు, నీటి హెచ్చుతగ్గులకు వెంటనే దెబ్బతినే కాయ కూడా పాతరకాల లక్షణాలే. కుండీలో తడిని నిలకడగా ఉంచడమే కష్టమైన పని. అంటే కుండీ ఒక సమస్యను తీసేసి ఇంకోటి తెచ్చిపెడుతుంది. ఆ రెండోది అదుపులో ఉంటుందా లేదా అన్నది చాలావరకు కుండీలో నింపే మిశ్రమాన్ని బట్టే ఉంటుంది. ఎరువులు, మందులు, చిట్కాలు అన్నీ దాని తర్వాతే.

హెయిర్‌లూమ్ అంటే తరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన రకం. సాధారణంగా 50 ఏళ్లు దాటినవాటినే ఇలా పిలుస్తారు కానీ అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు. వయసు కన్నా ముఖ్యమైన విషయం, ఇవన్నీ స్వేచ్ఛా పరాగసంపర్క రకాలు కావడం. కాయలోని గింజ నాటితే మళ్లీ అదే రకం వస్తుంది. ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపిన మొదటి తరం మొక్క, గింజ నాటితే లక్షణాలు విడిపోయి ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. బ్రాండీవైన్, క్రిమియా పేరు మోస్తున్న బ్లాక్ క్రిమ్ ఇలా చేతులు మారుతూ మిగిలినవే. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో రేడియేటర్లు బాగుచేసే ఒక మెకానిక్ తయారుచేసిన మార్ట్‌గేజ్ లిఫ్టర్‌కు ఆ పేరు రావడానికి కారణం, ఆ నారు అమ్మి ఆయన ఇంటి అప్పు తీర్చుకోవడం. చెరొకీ పర్పుల్ అయితే 1990లో టెనెసీ నుంచి క్రెయిగ్ లెహూలియర్ అనే తోటమాలికి పోస్టులో వచ్చిన పేరులేని గింజల నుంచి పుట్టింది. ఆయన వాటిని పెంచి, పేరు పెట్టి, విత్తన సంస్థలకు పంపాడు. ఇవాళ అది చాలా దేశాల్లో పెంచే రకం.

వీటి రుచి గురించి చెప్పేదంతా పాతవాటి మీద మమకారమే అనుకుంటే పొరపాటు. వాణిజ్య రకాలను ఎంపిక చేసేటప్పుడు దిగుబడి, గట్టి తోలు, రవాణాకు తట్టుకునే గుణం, కాయంతా ఒకే రంగు తిరగడం చూస్తారు. ఈ చివరి లక్షణం వల్ల కొంత నష్టం కూడా ఉందని 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. పచ్చికాయ భుజాల మీద, అంటే తొడిమ చుట్టూ, ముదురు ఆకుపచ్చ రంగుకు కారణమైన జన్యువు కాయలో పత్రహరితాన్ని పెంచి, చక్కెరలు ఎక్కువగా చేరడానికి తోడ్పడుతుంది. సమంగా రంగు తిరిగే రకాల్లో ఆ జన్యువు సరిగా పనిచేయదు. ముదురాకుపచ్చ భుజాలుండే పాతరకాల్లో అది పనిచేస్తూనే ఉంది.

రుచిలో ముందున్న ఈ రకాలు తెగుళ్ల దగ్గర వెనకబడిపోతాయి. హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్ల మీద వి, ఎఫ్, ఎన్, టి అని అక్షరాలు కనిపిస్తాయి. వర్టిసిలియం వడలు తెగులు, ఫ్యుజేరియం వడలు తెగులు, వేర్లను పట్టే నులిపురుగులు (నెమటోడ్లు), టొబాకో మొజాయిక్ వైరస్ అనే నాలుగింటిని ఆ రకం తట్టుకుంటుందని వాటి అర్థం. ఈ నిరోధక శక్తి చాలావరకు అడవి టమాట జాతులతో సంకరం చేసి తెచ్చుకున్నది. పాతరకాల్లో ఎక్కువ వాటికి అది లేదు. ఈ నాలుగింటిలో మొదటి మూడూ మట్టిలో ఉండి వేరు ద్వారా ఎక్కేవి. ఫ్యుజేరియం ఒకసారి నేలలో చేరితే ఏళ్ల తరబడి పోదు. అలాంటి నేలలో నాటిన మొక్కకు ముందు దిగువ ఆకులు, చాలాసార్లు ఒక పక్కనే, పసుపు తిరుగుతాయి. మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి తేరుకుంటున్నట్టు కనిపిస్తుంది. కొన్నాళ్లకు తేరుకోవడం మానేస్తుంది. కాండాన్ని నిలువుగా చీల్చితే లోపల గోధుమరంగు చారలుంటాయి. అప్పుడు చేయగలిగిందేమీ లేదు. ఆ నేలను ముందే తప్పించుకోవాలి. కుండీ వల్ల అది సాధ్యమవుతుంది.

కుండీలో నీరు నిలిచే తీరు

తోటలోంచి మట్టి తవ్వి తెచ్చి కుండీ నింపడం చాలామంది చేసే పని. అదే మట్టి నేలలో చక్కగా పనిచేసి ఉండొచ్చు. అక్కడ వానపాములు, వేర్లు, ఎండా తడీ కలిసి మట్టిలో సందులు చేస్తుంటాయి. నీరు ఎంతో లోతుకు ఇంకిపోతుంది. కుండీలో ఆ వీలు లేదు. నీళ్లు పోసిన కొద్దీ సన్నని రేణువులు సందుల్లో కూరుకుని, కొన్ని వారాల్లోనే మట్టి గట్టిబడిపోతుంది. పైగా ఆ మట్టితో పాటే వడలు తెగులు, నులిపురుగులు వచ్చేస్తాయి. ఇక కుండీ పెట్టుకుని ప్రయోజనం ఏముంది?

కుండీ అడుగున జరిగేదాన్ని కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. నీళ్లు పోశాక, రంధ్రాల నుంచి చుక్కలు పడడం ఆగిన తర్వాత కూడా, అడుగున ఒక పొర పూర్తిగా నీటితో నిండే ఉంటుంది. సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి, భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది. ఈ రెండూ సరితూగే ఎత్తు వరకు నీరు అక్కడే నిలబడుతుంది. తడిపిన స్పాంజిని అడ్డంగా పట్టుకుంటే కాసేపటికి నీరు కారడం ఆగిపోతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, మారింది ఎత్తు మాత్రమే. కుండీలో తడి పొర మందం రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతును బట్టి మారదు. ఒకే మిశ్రమాన్ని 15 సెంటీమీటర్ల కుండీలోనూ, 40 సెంటీమీటర్ల కుండీలోనూ నింపితే రెండింటిలోనూ తడి పొర దాదాపు ఒకే మందం ఉంటుంది. లోతు తక్కువైన కుండీలో దాని పైన వేర్లకు గాలి ఆడే చోటు కొంచెమే మిగులుతుంది.

అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం ఇందుకే తప్పు. సన్నని సందులున్న మిశ్రమం నుంచి పెద్ద సందులున్న రాళ్లలోకి నీరు తేలిగ్గా దిగదు. పైనున్న మిశ్రమం పూర్తిగా నానిన తర్వాతే దిగుతుంది. దాంతో ఆ తడి పొర కాస్తా రాళ్ల పైకి, అంటే వేర్లు ఉండాల్సిన చోటికి వచ్చి కూర్చుంటుంది. రాళ్లు ఎంత మేర పరిస్తే కుండీ లోతు అంత తగ్గినట్టే. మట్టి జారిపోకుండా ఉండాలంటే రంధ్రాల మీద చిన్న వల ముక్క వేస్తే చాలు.

మంచి మిశ్రమం నీటిని పట్టుకోవాలి, గాలికీ చోటివ్వాలి. నీటి కోసం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లేదా పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న నాచు పొర), గాలి కోసం పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) లేదా చిన్న ముక్కలు చేసిన చెట్టు బెరడు, పోషకాల కోసం బాగా చివికిన కంపోస్ట్ కలుపుతారు. సగం కోకోపీట్, పావు వంతు పెర్లైట్, పావు వంతు కంపోస్ట్ అనే కొలత టమాటకు బాగా కుదురుతుంది. బెరడు దొరికితే కోకోపీట్ కొంత తగ్గించి అది వేయడం ఇంకా మంచిది. బెరడు త్వరగా కుళ్లదు కాబట్టి పంటకాలమంతా మిశ్రమం కుంగిపోకుండా నిలబడుతుంది. కంపోస్ట్ మంచిదే కదా అని సగం దాకా కలిపేవాళ్లున్నారు. అది వద్దు. కంపోస్ట్ రేణువులు సన్నగా ఉంటాయి, లవణాలు ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ ఇంకా కుంగుతుంది. సన్నని ఇసుక కూడా ఇంతే. గాలి చోటు పెంచకపోగా ఉన్న సందుల్ని పూడుస్తుంది.

మిశ్రమంలో గాలికి ఎంత చోటుందో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. 10 లీటర్ల కుండీకి అడుగు రంధ్రాలు మూసి, దాన్ని మిశ్రమంతో నింపి, పైన తడి తేలేవరకు నిదానంగా నీళ్లు పోయాలి. బుడగలు రావడం ఆగాక రంధ్రాలు తెరిచి, కింద పడిన నీటిని కొలవాలి. ఎంత నీరు బయటకు వచ్చిందో అంత గాలి లోపలికి వెళ్లిందన్నమాట. ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు వస్తే 15 నుంచి 20 శాతం గాలి చోటు ఉన్నట్టు. టమాట వేర్లకు అది హాయి. లీటరు కూడా రాకపోతే పెర్లైటో బెరడో పెంచాల్సిందే. మొక్క పెంచబోయే కుండీ అంత లోతున్నదానితోనే కొలిస్తే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

కోకోపీట్ విషయంలో జాగ్రత్త పడాల్సింది ఉప్పు దగ్గర. సరిగా కడగనిదాంట్లో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. అంతే కాదు, అది కాల్షియంను, మెగ్నీషియంను తన దగ్గర పట్టి ఉంచి, బదులుగా సోడియం, పొటాషియంలను నీటిలోకి వదులుతుంది. కాల్షియం అందకపోతే టమాట కాయ ఏమవుతుందో తర్వాత చూద్దాం. ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్‌ను నానబెట్టి రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి పిండితే చాలా ఉప్పు పోతుంది. కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో నానబెట్టి మళ్లీ కడిగితే బెంగ ఉండదు. పీట్‌కు ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి డోలమైట్ సున్నం కలిపి పీహెచ్‌ను 6 నుంచి 6.8 మధ్యకు తేవాలి. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న పీట్‌ను తవ్వేస్తే అది మళ్లీ అంత త్వరగా ఏర్పడదు. ఆ ఒక్క కారణం చాలు, కోకోపీట్‌నే ఎంచుకోవడానికి.

కంపోస్ట్‌లో కంటికి కనపడని ప్రమాదం ఇంకోటి ఉంది. పచ్చికబయళ్లలో కలుపు చంపడానికి చల్లే అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ లాంటి మందులు గడ్డి మేసిన పశువు పొట్ట దాటి, పేడలోంచి కంపోస్ట్ కుప్ప దాకా చెడకుండా వచ్చేయగలవు. టమాట వీటిని ఏమాత్రం తట్టుకోలేదు. లేత ఆకులు సన్నబడి, ముడుచుకుని, కొనలు మెలితిరుగుతాయి. వైరస్ అనుకుని మొక్కలు పీకేసి, అదే మిశ్రమంలో కొత్త నారు పెడితే మళ్లీ అదే గతి. ఎరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనప్పుడు దాన్ని కలిపిన మిశ్రమంలో కొన్ని చిక్కుడు గింజలు, అది కలపని మిశ్రమంలో కొన్ని గింజలు వేసి రెండు మూడు వారాలు చూడటం మేలు. మొదటి వాటి ఆకులే మెలితిరిగితే ఆ కంపోస్ట్ టమాటకు పనికిరాదు.

కుండీ, మొక్క, నాటే తీరు

పాతరకాల్లో ఎక్కువ భాగం ఆగకుండా ఎదిగేవే. ఆరడుగులు దాటిపోవడం మామూలు. వీటికి 20 లీటర్ల కుండీ కనీసం. 40 లీటర్లుంటే పెంచేవాళ్లకూ మొక్కకూ టెన్షన్ తగ్గుతుంది. నిండు ఎండలో, కాయలతో ఉన్న పెద్ద మొక్క రోజుకు కొన్ని లీటర్ల నీరు తాగుతుంది. చిన్న కుండీలో ఆ నిల్వ మధ్యాహ్నానికే అయిపోతుంది. ఒక కుండీకి ఒక్క మొక్కే. నల్లటి ప్లాస్టిక్ ఎండకు వేడెక్కి పక్కనున్న వేర్లను ఉడికించేస్తుంది, కాబట్టి లేత రంగువి నయం. మట్టికుండీల గోడల నుంచి, బట్ట గ్రోబ్యాగుల నుంచి నీరు ఆవిరవుతుంది. వేర్లు చల్లగా ఉంటాయి గానీ, నీళ్లు ఎక్కువసార్లు పోయాలి.

నారును లోతుగా నాటాలి. దిగువ ఆకులు తీసేసి కాండాన్ని మిశ్రమంలో పూడిస్తే, పూడిన భాగం పొడవునా కొత్త వేర్లు వస్తాయి. అన్ని కూరగాయల నారుకూ ఈ పద్ధతి పనికిరాదు, టమాటకు మాత్రం నిక్షేపంలా పనికొస్తుంది. ఊతకర్ర కూడా ఆ రోజే పాతాలి. తర్వాత పాతితే వేర్లు తెగుతాయి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ తప్పనిసరి.

పెద్ద కుండీకి చోటు లేనివాళ్లకు ఒక మంచి దారి ఉంది. చెరొకీ పర్పుల్‌కు పేరు పెట్టిన లెహూలియర్, ఆస్ట్రేలియాకు చెందిన పట్రీనా నుస్కే స్మాల్‌తో కలిసి 2005లో డ్వార్ఫ్ టొమాటో ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. పాతరకాలను పొట్టి రకాలతో సంకరం చేసి, ఔత్సాహిక తోటమాలులు తరం తర్వాత తరం ఎంపిక చేస్తూ వెళ్లారు. ఫలితంగా లావు కాండంతో పొట్టిగా ఉండి, కాయ మాత్రం పాతరకం రుచితో కాసే రకాలు చాలా వచ్చాయి. ఇవి కొత్తవే అయినా గింజ దాచుకోగలిగినవే. 20 లీటర్ల కుండీకి వీటికన్నా తగినవి దొరకడం కష్టం.

కాయ అడుగు నల్లబడితే

కుండీ టమాటలో ఎక్కువ నిరాశ కలిగించేది ఇదే. మొదటి గెల కాయలు ఎదుగుతుండగా అడుగు భాగంలో చిన్న నీటిమచ్చ కనిపిస్తుంది. కొన్ని రోజుల్లో అది నల్లగా, చదునుగా, తోలులాగా మారి లోపలికి అణుగుతుంది. బూజు తర్వాత చేరొచ్చు కానీ మొదలు తెగులు వల్ల కాదు. ఎదిగే కాయ కొనకు కాల్షియం చాలక అక్కడి కణాలు చచ్చిపోతాయి.

మట్టిలో కాల్షియం లేదనుకుని గుడ్డుపెంకులు వేయడం దీనికి అందరూ చెప్పే చిట్కా. పెంకు కరగడానికి పట్టే కాలంలో పంటే అయిపోతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటూనే ఉంటుంది, కాయకు చేరదు, అంతే. కాల్షియం వేరు నుంచి పైకి నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఆకుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి ఎక్కువ వాటా అటే పోతుంది. కాయ నుంచి ఆవిరయ్యేది చాలా తక్కువ. ఒకసారి ఆకులో చేరిన కాల్షియం తిరిగి కాయకు రాదు, అందుకే ఆకుల మీద స్ప్రే చేసినా పెద్దగా ఫలితం ఉండదు. కుండీ ఒకపూట ఎండిపోయి మరోపూట చెరువైతే ముందుగా నష్టపోయేది కాయ కొనే. అమ్మోనియం రూపంలో నత్రజని ఎక్కువైనా, ఉప్పు పేరుకున్నా ఇదే జరుగుతుంది. శాన్ మార్జానో లాంటి పొడుగు కాయల్లో ఈ బెడద ఎక్కువ. దెబ్బతిన్న కాయలు తీసేసి, తడి నిలకడగా ఉంచితే తర్వాతి గెలలు చాలావరకు బాగానే వస్తాయి.

తడి నిలకడగా ఉండాలంటే రోజూ ఇంత అని కొలిచి పోస్తే కుదరదు. పైన రెండు మూడు సెంటీమీటర్లు వేలు పెట్టి చూడాలి, కుండీని కాస్త వంచి బరువు చూడాలి. పోసినప్పుడు అడుగు నుంచి కొంచెం కారేలా పోస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి. ఒక్క విషయంలో మోసపోకూడదు. బాగా ఎండిన మిశ్రమం, ముఖ్యంగా పీట్, నీటిని పీల్చడం మానేస్తుంది. పోసిన నీరు కుండీ గోడ పక్క సందులోంచి జారి కింద కారుతుంది. పైనుంచి చూస్తే నిండా తడిసినట్టే ఉంటుంది, వేలు లోపలికి పెడితే పొడిపొడి. అప్పుడు కుండీని నీళ్ల టబ్బులో అరగంట నిలబెట్టడమో, కొంచెం కొంచెంగా పలుమార్లు పోయడమో చేయాలి. పైన మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఎండిన కుండీకి ఒక్కసారిగా నీళ్లు పట్టిస్తే పలుచని తోలున్న కాయలు పగులుతాయి కూడా. పెద్ద వాన వస్తుందని తెలిస్తే రంగు తిరుగుతున్నవాటిని ముందే కోసేయడం మంచిది. రంగు తిరగడం మొదలైన కాయ గది వేడిలో చక్కగా పండుతుంది.

నీళ్లతో పాటే పోషకాలూ కొట్టుకుపోతాయి కాబట్టి కుండీలో కంపోస్ట్ ఒక్కటే పంటకాలమంతా చాలదు. పూత మొదలయ్యాక పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రవ ఎరువును పలచగా, వారం పది రోజులకోసారి ఇస్తే సరిపోతుంది. నత్రజని అతిగా ఇస్తే ఆకు ఏపుగా వస్తుంది, పూత రాదు.

పూత ఉండి కూడా పిందె పట్టకపోవడానికి తరచూ వేడే కారణం. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 డిగ్రీల దగ్గర ఉంటే పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పూలు రాలిపోతాయి. ఎరువు పెంచితే లాభం లేదు. మధ్యాహ్నం కాస్త నీడనిచ్చి, చల్లబడేదాకా ఆగాలి. గాలి ఆడని చోట, తేనెటీగలు రాని చోట ఉదయం పూట పూలగుత్తిని వేలితో తడితే పుప్పొడి రాలి పిందె పడుతుంది.

ఆకుమాడు తెగుళ్ల నుంచి కుండీ కాపాడలేదు, అవి గాలితో, వాన చినుకులతో వస్తాయి. నేలను తాకే ఆకులు తీసేయడం, ఆకుల మీద నీళ్లు పడకుండా మొక్క మొదట్లోనే పోయడం, కుండీల మధ్య ఎడం ఉంచడం, ఈ మూడూ చేస్తే చాలావరకు నెగ్గుకురావచ్చు.

పంట అయ్యాక ఆ మిశ్రమంలో మళ్లీ టమాట, వంకాయ, మిర్చి, బంగాళాదుంప వేయకూడదు. ఇవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడివే. మొక్క ఆరోగ్యంగా ముగిస్తే వేర్లు ఏరేసి, కొత్త కంపోస్ట్, పెర్లైట్ కలిపి ఆకుకూరలకో చిక్కుళ్లకో వాడుకోవచ్చు. వడలు తెగులు కనిపించిన కుండీ మిశ్రమాన్ని మాత్రం దయతలచకుండా పారేయాలి.

విత్తనం దాచేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న మొక్కకు బాగా పండిన కాయను ఎంచుకోవాలి. గింజల్ని గుజ్జుతో సహా గిన్నెలో వేసి రెండు మూడు రోజులు పులియనిస్తే చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. అప్పుడు కడిగి, నీడలో ఆరబెట్టి, తడి తగలకుండా ఉంచితే నాలుగైదేళ్లు మొలకెత్తే శక్తి ఉంటుంది. టమాట పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయకడుతుంది కానీ, బ్రాండీవైన్ లాంటి, బంగాళాదుంప ఆకులా నున్నటి అంచుల ఆకులుండే రకాల్లో కొన్నిసార్లు పుప్పొడిని అందుకునే కీలాగ్రం బయటకు పొడుచుకుని ఉండి, పక్క రకం పుప్పొడి సోకే అవకాశం కొంచెం ఎక్కువ. విచ్చకముందే పూలగుత్తికి పలుచని బట్ట సంచి కట్టి, పిందె పడ్డాక విప్పి, ఆ కాయకు దారం గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. సంచి కట్టకపోయినా బ్రాండీవైన్‌లో కల్తీని పట్టుకోవచ్చు. ఆ నున్నటి అంచుల ఆకు అంతర్గత లక్షణం, అంటే తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వస్తేనే కనిపించేది, కాబట్టి, రంపపు పళ్లలాంటి మామూలు టమాట ఆకుతో వచ్చిన మొలక సంకరమైందని తేలిపోతుంది. దాన్ని నారు దశలోనే పక్కన పెట్టేయొచ్చు.